ఇత్తడి దుబాసీ

సోల్జర్‌పేటలో మా ఇల్లు కట్టింది ఒక సారంగు.
విరగ్గొట్టిన ఓడ నుంచి
రెండు కొక్కేలు, ఒక గుండ్రటి కిటికీ,
బాత్రూములోకి ఈ షవరూ తెచ్చుకున్నాడట.
మేం కొనేసరికి ఆయన లేడు.
షవరుంది. దానికి మూడు నోళ్ళు.
ఒకటి చన్నీళ్ళకి, ఒకటి వేణ్ణీళ్ళకి.
మూడోది ఎందుకో ఎవరికీ తెలీదు,
బిరడా బిగించి ఉండేది.
కారడం మొదలెట్టింది అదే.

మొదట్లో రాత్రికి చెంబుడు.
వినాయక చవితి నాటికి అరబక్కెట్టు.
ఆ నీళ్ళతో కుండీలో కరివేపాకు బతికింది,
మరీ అంత చెడ్డది కాదులే అనుకున్నాను.
కానీ గోడకి అవతల రోజలిన్ టీచరు వంటిల్లు.
ఆవిడ పోపుల అల్మరా వెనక చెమ్మ
మొదట అరచేయంత,
తర్వాత పీటంత,
తర్వాత మా మధ్య మాటల్లేనంత.
ఆవిడ డబ్బాలు ఒక్కొక్కటే దించుకుంటుంటే
ఇటు నుంచి విన్నాను.

ముగ్గురు ప్లంబర్లు వచ్చారు.
ముగ్గురూ వేలి కణుపుతో గోడని తట్టి
డాక్టర్లలా తలాడించారు.
"బద్దలు కొట్టాలి మేడమ్."
కొడితే ఎక్కడ తేలతామో నాకు తెలుసు.
టీచరు గారి పొయ్యి మీద.

నాలుగోవాడు ప్లంబరు కాడు.
షిప్‌యార్డులో ముప్పయ్యేళ్ళు లేతు తిప్పిన
గొలగాని నూకరాజు.
కాడకి దారం కట్టిన కళ్ళజోడు పెట్టుకుని
మూడో నోటిలోకి చూసి నవ్వాడు.
"ఇది ఉప్పునీటిదమ్మా.
ఓడలో మంచినీళ్ళు బంగారం కదా,
సముద్రంతో తానం సేసి
ఆకర్న ఓ సెంబుడు మంచినీళ్ళు పోసుకుంటారు.
పాపం, రాని సముద్రం కోసం
ఇన్నేళ్ళూ కాసుకునుంది."

మరి గోడ?
"గోడ జోలి మనకెందుకు, అదేటి సేసింది?"

వెనిగర్‌లో ముంచిన గుడ్డ చుట్టి
ఒక రాత్రి ఒగ్గెయ్యమన్నాడు.
తెల్లారేసరికి పాచిరంగు ఉప్పు
పెచ్చులుగా రాలింది.
టైలుకి గీత పడకుండా చెక్కముక్క ఆనించి
స్పానరు పట్టాడు.
సగం చుట్టు వదులు, పావు బిగువు.
సగం వదులు, పావు బిగువు.
"ఇప్పాలంటే మద్దిమద్దిన బిగించాల.
దుడుకు సేస్తే లోపల పైపు ఇరిగిపోద్ది."
మా ఆయన పక్కన నిలబడి
తనకి చెప్పినట్టు విన్నాడు.

ఊడింది. అరచేతిలో అరకిలో ఇత్తడి,
ఒంటి మీద ఏ దేశపువో నాలుగు అక్షరాలు.
పూర్ణా మార్కెట్లో కొన్న కొత్త షవరు
ఆ గోడకి పట్టలేదు.
ఒక చుట్టు ఎక్కి, పక్కకి ఒరిగిపోతుంది.
సారంగు గోడలోపల కూడా ఓడ మరలే వేశాడు,
మన మరలకి ఆ భాష రాదు.

నూకరాజు కొలతలు సిగరెట్ పెట్టె మీద రాసుకుని
కంచరపాలెం వెళ్ళి సాయంత్రానికి వచ్చాడు.
బొటనవేలంత ఇత్తడి ముక్కలు, రెండు.
ఒక చివర ఓడ మర, ఒక చివర ఊరి మర.
"దుబాసీలమ్మా" అన్నాడు.
జనపనార పీచు జడలా చుట్టి
వాటిని గోడకి, షవరుని వాటికి
మాట కలిపించాడు.
పాత షవరుని కూలీ కింద అడిగాడు.
ఇవ్వబుద్ధి కాలేదు, డబ్బులే ఇచ్చాను.
వెళ్తూ వెళ్తూ దాన్ని ఒకసారి నిమిరాడు,
ఇప్పటికీ ఆ విషయంలో సిగ్గుగానే ఉంది.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.
చుక్క చప్పుడు లేని చోట
హార్బరు నుంచి ఏదో ఓడ కూత
మరీ దగ్గరగా వినిపించేది.
మూడో రాత్రి గోడ మీద రెండు తట్లు.
ఏడు నెలల తర్వాత మొదటిసారి టీచరు గొంతు:
"ఏమ్మా, నీళ్ళ చప్పుడు రావట్లేదు.
ఒంట్లో బాగానే ఉందా?"

ఆగిపోయిందండీ, అన్నాను,
టైలుకి నోరానించి,
అక్కర్లేనంత గట్టిగా.

చెమ్మ ఆరడానికి ఇంకో నెల పట్టింది.
ఒక ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చాక
అటు వైపు నుంచి వినిపించింది,
ఆవాల డబ్బానో, మెంతులదో,
ఒక్కొక్కటే అల్మరా ఎక్కుతున్న చప్పుడు.