తొమ్మిది మీటల చెక్క

పార్సిల్లో ముందు కీబోర్డు రాలేదు.
అరచేతిలో పట్టే చెక్క ఒకటి వచ్చింది,
దానిమీద తొమ్మిది మీటలు,
ఒక్కోదాని కడుపులో ఒక్కో స్ప్రింగు.
నొక్కి చూసుకుని, నచ్చింది చెప్పమన్నారు
కోయంబత్తూరు కుర్రాళ్లు.

నీలం మీట టిక్కుమంటుంది,
తాళం కప్పలో చెవి తిరిగినట్టు.
ఎర్రది ఏమీ అనదు,
నీళ్లలోకి వేలు దిగినట్టు దిగిపోతుంది.
నల్లదీ ఎర్రదే, కాకపోతే మొండిది.
గోధుమరంగుది
ఏదో అనబోయి ఊరుకుంటుంది.

నాకున్నవి రెండు బతుకులు, ఒక బల్ల.
పగలు బెంగళూరు కంపెనీకి కోడు:
బ్రాకెట్లు తెరవడం, మూయడం,
మూయడం మర్చిపోయినదాన్ని వెతకడం.
పొద్దుగూకితే కింద బావగారి యార్డుకి వేబిల్లులు:
పొడుగు, వెడల్పు, మందం, లారీ నంబరు.
కోడు రాసేవాళ్లంతా ఒకటే మాట,
అంకెల గడి తీసేయ్, చెయ్యి మౌసుకి దగ్గరవుతుందని.
వాళ్లెవరూ చీమకుర్తిలో కూచుని
నూటపద్దెనిమిది పలకల కొలతలు
రాత్రి పదిలోపు ఎక్కించినవాళ్లు కాదు.
గడి ఉంచుకున్నాను.

మీటలదే తేలలేదు.
వారంరోజులు నొక్కాను,
అన్నం కలుపుతూ ఎడంచేత్తో,
కరెంటు పోతే చీకట్లో.
నీలం మీద మనసుపడ్డాను, అబద్ధమెందుకు.
ఒంగోల్లో టైపు నేర్చుకున్న గదిలో
పన్నెండు మిషన్లు ఒక్కసారే మోగేవి,
రేకుల షెడ్డు మీద వానపడ్డట్టు.
వజ్రమ్మ మేడం కళ్లు మూసుకునే చెప్పేది:
"మూడో మిషనూ, నీ చిటికెనవేలు దొంగపని చేస్తంది."
ఆ చప్పుడే మళ్లీ కావాలనిపించింది.
కానీ గోడకవతల
రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతుంది
నర్సు మా తోటికోడలు.
మొదటిరోజే గోడమీద చెప్పుతో కొట్టింది.

కాశింపీరా పాలిషు మిషను దగ్గర ముప్పై ఏళ్లు.
చెవులు రెండూ ఆ మిషనుకే ఇచ్చేశాడు.
బిల్లుకోసం పైకొచ్చి చెక్క చూశాడు.
"ఏందమ్మాయ్ ఇది, ఆటబొమ్మా?"
లుంగీకి వేలు తుడుచుకుని
ఒక్కోటే నొక్కుకుంటూ పోయాడు.
రాయి నునుపు చూసే వేలు అది,
కంటికి ఆనని గీతని
అడ్డంగా పోతూ పట్టేసే వేలు.
నీలం నొక్కి, గరుకన్నాడు.
ఎర్రది నొక్కి, జారుడన్నాడు.
గోధుమరంగు దగ్గర
వేలు తీసి మళ్లీ పెట్టాడు.
"దీనికి నడిమధ్య ముడుంది.
ముడి దాటితే పనైపోయినట్టే,
అడుగుదాకా పోబళ్లేదు."

పదిహేను వీడియోలు చూశాను నేను.
ఒక్కడూ ఇంత పొట్టిగా చెప్పలేదు.

తలలు తెలుగువే తెప్పించాను.
డి ఉండేచోట పొల్లు,
ర పక్కన పైమూల, ఎవరూ పిలవని బండి ర
పెళ్లిలో దూరపు చుట్టంలా కూచుంది.
అల్యూమినియం పెట్టెకి తొమ్మిది వేలన్నారు.
పగిలిన పలకలోంచి పీరానే అడుగు కోసిచ్చాడు,
నల్లరాయి, లోపల వెండి నలుసులు,
నాలుగు కిలోల రెండొందలు.
బల్లమీంచి జరగదు,
టిక్కుమనదు, టొక్ అంటుంది,
పండిన కొబ్బరికాయ మీద వేలితో కొట్టినట్టు.
స్పేసు మీట మాత్రం ఎంత గ్రీజు పెట్టినా
ఎడంపక్క గలగలమంటుంది.
దాని సంగతి తర్వాత చూడాలి.

నిన్న రాత్రి కింద లారీ ఆగి ఉంది.
పీరా నా పక్కన నిలబడి
అరచెయ్యి బల్లకి ఆనించాడు.
నా మొహం చూడట్లేదు, తెరా చూడట్లేదు.
"ఇందాకణ్నించీ ఒకటే మీట కొడతన్నావు.
చెరుపుతున్నావా?"

తల ఊపాను.
సున్నా ఒకటి ఎక్కువ పడి
ఆరడుగుల రాయి
అరవై అడుగులైంది.