రెండు వరుసల నడుమ

తార్తులో మూడున్నరకే పొద్దు గుంకింది.
రైవో ప్యాచ్ ఏడోసారి వెనక్కొచ్చింది.
నదికి ఆవలి ఒడ్డున, కిటికీ పక్కన కూర్చుని
హెల్యు రాసింది ఒకే ఒక్క ప్రశ్న:
"నాలుగువందల పన్నెండో వరుసకీ పదమూడో వరుసకీ నడుమ
కరెంటు పోతే?"

పోదు, అని రాసి చెరిపేశాడు.
కెర్నెల్ అడుగున ఆ నడుమ ఎంత చోటుందని?
రెప్ప వాల్చాలన్న ఊహ రెప్పకు చేరేలోగా
లక్షసార్లు దాటి రావచ్చు.
అతని కోడ్ కొత్త ఫైలుకి పాతదాని పేరు పెట్టేస్తుంది ముందు;
అక్షరాలు డిస్కు మీదికి దిగేది ఆనక, తీరిగ్గా.
వాళ్ల భాషలో ఏమంటారో నాకు తెలీదు,
మనకైతే
ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

హెల్యుకి ఆ ప్రశ్న ఊరికే రాలేదు.
సారెమా దీవిలో ఆమె పినతండ్రి ఎండెల్
తేనెపెట్టెల లెక్క పందొమ్మిదేళ్లు టైపు చేశాడు.
ఏ రాణీగ ఏ వసంతంలో చచ్చిపోయిందో,
ఏ పెట్టెకి ఎన్ని చట్రాలో.
ఒక గాలివాన రాత్రి తీగలు తెగాయి.
తెల్లారి చూస్తే పేరు ఉంది, తేదీ ఉంది,
పరిమాణం: సున్నా.
"నేనే ఏదో నొక్కి ఉంటాను" అన్నాడు ముసలాయన.
ఆ మాట ఆమెను ఇప్పటికీ కుడుతుంది.

రైవో పంతానికే మొదలుపెట్టాడు.
అటక మీది పాత మెషీన్‌కి ఒక రిలే బిగించి
రాయమన్నాడు, రాస్తుండగానే గొంతు నొక్కమన్నాడు,
మళ్లీ లేపి అడగమన్నాడు: ఏం గుర్తుంది?
టిక్. లేచింది. అన్నీ ఉన్నాయి.
టిక్. లేచింది. అన్నీ ఉన్నాయి.
రెండు రాత్రులు ఆ చప్పుడులోనే నిద్ర.
మూడువేల రెండువందల ఆరోసారి
లేచింది.
పేరు ఉంది. తేదీ ఉంది.

చాలాసేపు ఏమీ ముట్టుకోలేదు.
కాఫీ మీద మీగడ కట్టింది.
తర్వాత ఒక వరుసను పైకి జరిపాడు,
తెలివనుకుని రాసుకున్న తొమ్మిది వరుసలు కొట్టేశాడు,
ప్యాచ్‌కి కారణం చెప్పేచోట,
ఎండెల్ ఎవరో తెలియకుండానే రాశాడు:
"తప్పు వాడేవాళ్లది కాదు."

జవాబు రాత్రి పదకొండింటికి వచ్చింది.
ఆ వాక్యం గురించి ఏమీ అనలేదామె.
"సరే. మరి, రాసేశానని డిస్కే అబద్ధమాడితే?"

నవ్వాడో, తిట్టాడో,
సొరుగులోంచి ఇంకో కంపెనీ డిస్కు తీసి
స్క్రూడ్రైవర్ పళ్ల మధ్య కరుచుకుని
అటక మెట్లెక్కాడు.

టిక్.