హోల్డాన్

పంతొమ్మిదేళ్ళు రాడ్డు పట్టుకోకుండా నిలబడ్డాను.
కాన్వెంట్ జంక్షన్ మలుపులో సింహాద్రి బండి ఎంత కోసినా
ఒక చేత్తో టిక్కెట్టు, ఇంకో చేత్తో చిల్లర.
కాళ్ళు రెండూ వాటి పని అవి చూసుకునేవి.
కాళ్ళకి చెప్పాలని నాకెప్పుడూ తట్టలేదు.

మొదట ఎరుపు పోయింది.
ఎడం కన్ను మూస్తే సీటు గుడ్డ ఎర్రగానే ఉంది,
కుడి కన్ను మూస్తే
వందసార్లు ఉతికిన జాకెట్టు రంగు.
కనుగుడ్డు తిప్పితే వెనకాల సలుపు.
చుక్కలిచ్చారు. నెలన్నరకి తగ్గింది.
ఫైలు బియ్యం డబ్బా మీద పెట్టి మర్చిపోయాను.

మరుసటేడు మే నెల, ఒళ్ళంతా జిగట ఉక్క.
ఎన్నేడీ దగ్గర బండి ఆగిపోయి గంట.
కుడికాలు తడిసిన గోనెసంచి అయింది.
దిగి నాలుగడుగులు వేస్తే తూలాను.
చెకింగు ఇన్‌స్పెక్టరు దగ్గరికొచ్చి
నా నోటి వాసన చూశాడు.
బస్సులో ఎవరూ నవ్వలేదు.
నవ్వినా బాగుండేది.

ఎముకల డాక్టరు నడుముకి బెల్టు రాశాడు. రెండో ఫైలు.
ఆడపడుచు దిష్టి తీసి ఉప్పు నిప్పుల్లో పోసింది,
చిటపటలాడింది.
నేనూ కాస్త నమ్మాను, అబద్ధమెందుకు.

ఆ తరవాత మెడ.
తల వంచి సంచిలో రూపాయి వెతికితే
వీపు వెంట నడుము దాకా కరెంటు.
తలెత్తితే ఏమీ లేదు.
ఏమీ లేనిదాన్ని ఎవరికని చెప్పను?

కేజీహెచ్‌లో నరాల ఓపీ. నా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది.
డాక్టరు సుభాషిణి గారు స్కానింగు కంటే ముందు కథ అడిగారు.
ఏ నెల, ఏ కన్ను, ఎన్నాళ్ళు,
వేడికి ఎక్కువవుతోందా,
దారిలో ఒంటేలు ఆపుకోలేకపోతున్నావా.
అది కూడా దీనిదేనా? అదొక్కటీ నేనెవరికీ చెప్పలేదే.

స్కానులో తెల్ల మచ్చలు. వెన్నులోంచి నీరు తీశారు.
మూడు ఫైళ్ళూ బల్ల మీద పక్కపక్కన పరిచారు.
“ఇవి మూడు జబ్బులు కావు వరహాలమ్మా.”
“ఒకటే రూటు, మూడు స్టాపులు” అన్నాను.
ఆవిడ పెన్ను ఆపారు.
“నరం మీద పొరుంటుంది. నీ ఒంటి కాపలావాళ్ళే
దాన్ని శత్రువనుకుని కొరుకుతున్నారు.”
“అయితే మా డిపో వాచ్‌మనే టైర్లు కోసేస్తన్నాడన్నమాట.”
ఆవిడ నవ్వారు. నేను నవ్వబోయి మానేశాను.

మల్టిపుల్ స్క్లీరోసిస్.
ఆ పేరు నోట పట్టడానికి
గాజువాక నుంచి జగదాంబ దాకా పట్టింది.

“పూర్తిగా తీసెయ్యలేం. కొత్త మచ్చలు రాకుండా చూద్దాం.
అంటుకునేది కాదు, నువ్వు చేసిన తప్పూ కాదు.”
ఆ చివరి ముక్క కాయితం మీద రాసిమ్మన్నాను,
ఇన్‌స్పెక్టరుకి చూపించాలని.
రాసి, ముద్ర కూడా వేశారు.

ఇప్పుడు ఫ్రిజ్‌లో ఇంజక్షన్లు,
పెరుగు గిన్నెకీ గోంగూర పచ్చడికీ మధ్య.
ఏ తొడకి ఏ రోజో జ్యోత్స్న క్యాలెండరు మీద గుర్తులు పెడుతుంది.
డిపోలో కూర్చునే పనిచ్చారు, ఫ్యాను కింద, నోట్లు లెక్కపెట్టడం.
కొన్ని సాయంత్రాలు ముప్పై దాటేసరికి లెక్క జారిపోతుంది.
మళ్ళీ ఒకటి నుంచి.
ఎండల్లో తడి తువ్వాలు మెడ మీద.
సింహాద్రి అటెళ్తూ హారన్ కొడతాడు, నేను చూడను.

ఆర్నెల్లకోసారి స్కాను.
ఇవాళ ఆ రోజు.
టిక్కెట్టు కొనుక్కుని కిటికీ పక్కన కూర్చున్నాను.
రాడ్డు పట్టుకునే లేచాను.
కేజీహెచ్ డౌన్.
ఎడమ కాలు దిగింది.
కుడికాలికి చెప్పాను. ఇంకోసారి చెప్పాను.
వెనక కొత్త కండక్టరు పిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయేమో,
“రైట్ రైట్” అనేసింది.

ఆ గొంతు నాదే అనిపించింది ఒక్క క్షణం.
తరవాత నా గొంతు నిజంగానే వచ్చింది,
బస్సంతా వినబడేలా, పాత గొంతు:

హోల్డాన్!
కాలొకటి ఇంకా దిగలేదు.