డోర్ నంబరు 3-47

ఓటరు లిస్టులో మా ఇల్లు ఇంకా ఉంది.
గట్టు మీద లేదు. లంకలో లేదు.
కాగితం మీద ఉంది:
మూడు డాష్ నలభై ఏడు,
సంగాడి వీరవేణి, భర్త ఏసుబాబు, వయసు ముప్పై ఎనిమిది.
ఆ కింద నా పేరు లేదు.

నేను ఆవిడ తోడికోడల్ని, పల్లాలమ్మని.
కాపరానికొచ్చి పంతొమ్మిదేళ్లయినా
నా ఓటు ఎదుర్లంకలో పుట్టింట్లోనే ఉండిపోయింది.
నేను వెళ్లకపోయినా ఎవరో వేసేసేవారంట.
తర్వాత అదీ కొట్టేశారు.

కార్తీకంలో అంగన్‌వాడీ టీచరు ఫారాలు పట్టుకొచ్చింది.
"ఇంటి నంబరు చెప్పు పల్లాలమ్మా."
నేను ఏటికేసి చూపించాను.
ముందు కొబ్బరిచెట్లు వంగి నీళ్లలో మొహం చూసుకున్నాయి,
తర్వాత మరుగుదొడ్డి వెళ్లింది, గవర్నమెంటు బోర్డుతో సహా.
తర్వాత వంటిల్లు.
రాత్రి పూట వెళ్లింది వంటిల్లు,
పొయ్యి మీద గిన్నె కూడా దించుకోనివ్వలేదు.
ఆవిడ పెన్ను కాసేపు గాల్లోనే ఆగింది.
ఆఖరికి రాసింది: తుఫాను షెల్టరు వెనక,
టార్పాలిన్, మూడోది.
నెల తిరిగేసరికి నేను ఓటరునయ్యాను.
వరుస సంఖ్య ఆరువందల పన్నెండు.

ఎందుకయ్యానంటే, వేణి అడిగింది.
"నేను నిలబడతానే. ప్రతిపాదించడానికి మన వార్డు ఓటరు కావాలి.
మగాళ్లనడిగితే రేపంటారు."

ఊళ్లో పెద్దలు ఏకగ్రీవం అనుకున్నారు.
మూడో వార్డా? అక్కడ మనుషులేరీ, అని నవ్వుకున్నారు.
మనుషులున్నారు. నేలే లేదు.

నామినేషన్లు పాయ అవతల. పంటు దాటాం.
కులం కాగితం, ఆధారు, డిపాజిట్టు ఐదొందలు,
ఇవన్నీ పాల కవర్లో చుట్టుకుని
వేణి జాకెట్టులో దోపుకుంది.
గుమస్తా ఇంకోటి అడిగాడు.
"ఇంటి పన్ను బాకీ ఉందమ్మా. రెండేళ్లది. నాలుగొందల ముప్పై."
"ఇల్లు లేదండి."
"రికార్డులో ఉందమ్మా."
"ఏట్లో ఉందండి."
"రికార్డులో ఏరు లేదమ్మా."

పోట్లాడుతుందనుకున్నాను.
చేపల పాటకాడ అయితే ఆ నోటికి ఊరంతా పక్కకి తప్పుకుంటుంది.
కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెట్టింది,
ఉప్పు వాసన కొట్టే నోట్లు.
"కట్టేస్తానండి. రశీదులో నంబరు మటుకు ఇంపుగా రాయండి."
రాశాడు. చింపిచ్చాడు.
గోదారి పట్టుకెళ్లినదాన్ని
అరచేతంత పసుపు కాగితం చేసి
మా చేతిలో పెట్టాడు.
ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది.
గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూసినట్టు.

ఐదింటికి పది నిమిషాలు.
అధికారి సోడా తాగి, మూతి తుడుచుకుని
"ప్రతిపాదకురాలు ఎవరు?" అన్నాడు.
ఆ మాట నా గురించేనని తెలియడానికి కాస్త పట్టింది.
లిస్టు మీద వేలు జార్చుకుంటూ ఆరువందల పన్నెండు దగ్గర ఆపాడు.
నేను సంతకం పెట్టాను.
డ్వాక్రా అప్పులకి తప్ప దేనికీ పెట్టని సంతకం,
పల్లా దాకా బానే వచ్చి
లమ్మ దగ్గర ఎప్పుడూ కిందికి జారిపోతుంది.
అప్పు లేకుండా పెట్టడం ఇదే మొదలు.
ఏమో, ఇదీ అప్పేనేమో, ఎవరు తీర్చాలో తెలియని అప్పు.

గోడ మీద గుర్తుల బొమ్మలున్నాయి.
"పడవ లేదాండి?"
"లేదమ్మా. గౌను, గ్యాసు పొయ్యి, స్టూలు..."
"స్టూలొస్తే బాగుండును.
మీటింగులో మాకు కుర్చీ వెయ్యరు కదా,
మాదే మేం పట్టుకెళ్తాం."
అధికారి నవ్వలేదు. బయట కానిస్టేబులు నవ్వాడు.

తిరిగొచ్చేటప్పుడు పంటు వెళ్లిపోయింది, నాటుపడవ దొరికింది.
మా వీధి ఉన్న చోట సరంగు ఇంజను ఆపాడు,
ఆయ్, ఆయన అలవాటు అది, ఎవరూ చెప్పలేదు.
పీతల సంచి నా ఒళ్లో గీరుతోంది.
వేణి నీళ్లలో చెయ్యి పెట్టింది.
ఏమైనా అంటుందేమోనని చూశాను.
"లోతు పెరిగింది" అంది, అంతే.

రేవులో ఇద్దరు నిలబడి ఉన్నారు,
బండి లైటు ఆపకుండా.
ఉపసంహరణకి గురువారం దాకా టైముందంట,
ఆ మాట చెప్పడానికొచ్చారంట.
వేణి నా చేతిలోంచి పీతల సంచి లాక్కుంది,
కాగితాలు నాకిచ్చింది.
"తడవనీకు" అంది,
ముందు తనే దిగింది.