మోకాలెత్తు వెలుతురు

పదకొండు తెలుపులు పట్టుకెళ్లాను.
పాలతెలుపు, ముత్యపు తెలుపు, మంచుతెలుపు,
మంచుకి కాస్త ఎడంగా ఉండే ఇంకో తెలుపు.
ఎల్బ్యోర్గ్ వాటిని పేకముక్కల్లా కలిపి
బల్లమీద బోర్లించేసింది.

"ముప్పై నాలుగేళ్లు రాత్రి డ్యూటీలు చేశాను,
ట్యూబ్‌లైట్ల కింద.
తెలుపు చూస్తే ఇప్పటికీ
ఎవరి జ్వరమో చూడాలని చెయ్యి లేస్తుంది."

ట్రోమ్సోలో నవంబరు నెలాఖరు.
సూర్యుడు సెలవు పెట్టి రెండ్రోజులైంది.
మధ్యాహ్నం పన్నెండింటికి
కిటికీ దాకా కాస్త నీలం వచ్చి
చెప్పులైనా విప్పకుండా వెళ్లిపోయేది.

నా ప్లాను నా దగ్గరుంది:
సీలింగులో ఆరు దీపాలు, బూడిదరంగు సోఫా,
ఎవరింట్లోనైనా ఇమిడిపోయే ప్రశాంతత.
ఆమె నా చేతిలో టేపు లాక్కుని
నేలనుంచి తన మోకాలి దాకా కొలిచింది.
"ఇంతకంటే ఎత్తున ఒక్క దీపమూ వద్దమ్మాయ్.
పైదీపం వేశామంటే
ఎవర్నో సూదికి లేపుతున్నట్టే."

మరి ప్రశాంతత అంటే ఏంటండీ, అన్నాను
పెన్ను తీసి.
చెయ్యి పట్టుకుని పడగ్గదిలోకి తీసుకెళ్లి
నా చెవి గోడకి ఆనించింది.
అవతల ఫ్రిజ్ గురక.
"ముందు దీన్నిక్కణ్ణుంచి పంపించు."
ఇన్నేళ్ల నా గీతల్లో
ఒక్క చప్పుడుకీ కొలత రాసుకోలేదు నేను.

రంగు మాత్రం కాఫీ దగ్గర దొరికింది.
మేకపాల విరుగుడు తేటని మరిగించి మరిగించి
గోధుమరంగుకి తెచ్చే చీజ్ ఉంటుంది వీళ్లకి.
పల్చగా ఒక రేకు కోసి
రొట్టెమీద వెయ్యబోయి, ఆగి,
లేచి వెళ్లి గోడకి అంటించింది.
"ఇది."

పెయింటు కొట్టు కుర్రాడు సిండ్రె
ఆ ముక్కని యంత్రం కన్ను కింద పెట్టాడు.
నవ్వొచ్చి చెయ్యి కదిలింది, మళ్లీ పెట్టాడు.
జిడ్డంటిన యంత్రం మొదట ఒంటెరంగంది,
రెండోసారి ఒక అంకె ఇచ్చింది.
మిగిలింది వాడే తినేశాడు.

డిసెంబరు పదో తారీఖు. నాలుగు దీపాలు,
నాలుగూ కూర్చునే చోట్ల పక్కనే.
ఒకటొకటే వెలిగించింది.
గోడ నెమ్మదిగా, సన్నసెగన, కాగడం మొదలెట్టింది.
సీలింగు మధ్య పాత కొక్కెం మిగిలింది,
పూడ్చేస్తానంటే
ఉల్లిపాయల జడ తెచ్చి వేలాడదీసింది.

ఒక్క విషయంలో నేను ఓడిపోయాను.
ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న పచ్చ ప్లాస్టిక్ స్టూలు,
ఒక కాలు కురచ.
ఫొటోల కోసం స్నానాలగదిలో దాచాను.
కెమెరా తెరిచేలోగా
వెళ్లి తెచ్చుకుని, పొయ్యి పక్కన వేసుకుని
దానిమీదే కూర్చుంది, మేజోళ్లు అల్లుతూ.
ఫొటోలో అన్నిటికంటే ముందు అదే కనిపిస్తుంది.

ఆ రాత్రి మా ఇంటికొచ్చి
అలవాటుగా స్విచ్చు మీదికెళ్లిన చేతిని
వెనక్కి తీసుకున్నాను.
చీకట్లో నాలుగడుగులు.
నేను స్వయంగా ఎంచి కొన్న కుర్చీ
మోకాలి చిప్పని ఠక్కున పలకరించింది.
కాలు పట్టుకుని నేలమీద కూలబడ్డాను.

వీధిదీపం మంచుమీద పడి,
మంచు నుంచి గడప కింది సందులోకి,
అక్కణ్ణుంచి నా పాదాల దాకా వచ్చి ఉంది.
ఎన్నాళ్లనుంచి వస్తోందో.

బల్ల అడుగున
ఎవరో పెన్సిలుతో రాసిన ధర కనిపించింది,
కొట్టేసి, పక్కన
ఇంకొంచెం తక్కువ ధర.