పందిరి ఎత్తు

ముందు చిటికెనవేలు మాట మానేసింది.
తర్వాత దాని పక్కది.
కోతలు మొదలైన మూడోనాడు
కత్తెర జారి ఎలాడియో బూటు మీద పడింది.
"నిద్రపోతున్నావా ఒబ్దూలియా?" అన్నాడు.
నేను కాదు, నా వేళ్ళు.

మా గలీసియాలో ద్రాక్ష నేల తడిని నమ్మదు.
రాతి స్తంభాలెక్కి, ఇనప తీగల మీద పాకి
తలకి పైనే కాస్తుంది.
సెప్టెంబరు పొద్దున పందిట్లోకి దూరితే
ఆకాశమంతా ఆకులే.
చీకటి పడేదాకా చేతులెత్తే నిలబడతాం.
దూరాన్నించి చూసేవాళ్ళకి ప్రార్థనలా ఉంటుంది.
దగ్గరికొస్తే తెలుస్తుంది
మా నోట వచ్చేవి ప్రార్థనలు కావని.

మొదటి డాక్టరు మణికట్టు చూశాడు.
రెండేళ్ళు పట్టీ కట్టుకుని పడుకున్నాను.
రెండో ఆయన మెడకి ఎక్స్‌రే తీయించి
"వయసు" అన్నాడు, ఫీజు తీసుకున్నాడు.
మా చెల్లెలు దోసిండా గుండె జబ్బని తేల్చి
కొవ్వొత్తి వెలిగించింది.
నొప్పి మాత్రం అద్దె ఎగ్గొట్టినవాడిలా
భుజంలోంచి మోచేతికి, మోచేతిలోంచి అరచేతికి
రాత్రికి రాత్రి గదులు మారుతూనే ఉంది.

పొంతెవెద్రాలో ఇరియా అని ఒక పిల్ల,
ఫిజియోథెరపీ చేస్తుంది.
"ఏం పని నీది?" అంది.
చేతులెత్తి చూపించాను.
"అలాగే ఉండు. పిడికిళ్ళు మూస్తూ తెరుస్తూ
మూడు నిమిషాలు."
ముప్పై ఒక్క కోతలు కోసిన చేతులు
నిమిషంన్నరకే
తాడు మీది తడిచొక్కా చేతుల్లా వేలాడాయి.

కాలర్ ఎముక పైన గుంటలో వేలు పెట్టింది.
నొక్కింది అక్కడ,
జివ్వుమంది ఇక్కడ, చిటికెనవేలి కొసన.
"దొరికింది" అంది, పోయిన తాళంచెవి దొరికినట్టు.

మెడలోంచి దిగిన నరాలు
రెండు కండరాల నడుమ ఒదిగి
మొదటి పక్కటెముక మీదుగా, కాలర్ ఎముక కిందుగా
ఇరుకు సందులోంచి పోతాయట.
చేతికి కావలసినవన్నీ ఆ దారినే:
నెత్తురు, వేడి,
కత్తెర ఎంత బరువుందో చెప్పే కబురు.
"నువ్వేమో మెడతో ఊపిరి తీస్తున్నావు.
తీసినప్పుడల్లా ఆ ఎముకని పైకి లాగి
నీ నరం మీద నువ్వే తలుపేస్తున్నావు."

ఊపిరి తీయడం కూడా
యాభై నాలుగేళ్ళకి మళ్ళీ నేర్చుకోవాలా?
నేర్చుకున్నాను.
కడుపు మీద కిలో చిక్కుడు గింజల సంచి.
సంచి లేవాలి, భుజాలు లేవకూడదు.
మొదటిసారి లేచినప్పుడు నాకు నవ్వాగక
గింజలన్నీ మంచం కిందికి పోయాయి.
మెడ పక్కకి వంచి నెమ్మదిగా సాగదీయడం.
చెయ్యి చాపి నరాన్ని అటూ ఇటూ జార్చడం.
"లాగకు. దారాన్ని లాగితే తెగుతుంది,
ఆడిస్తే చిక్కు వీడుతుంది."
అప్పటికీ పట్టు రాక, అరచేతి కండ కరిగిపోతుంటే
విగోలో సర్జన్ ఉన్నాడు,
ఆ పక్కటెముకనే తీసేస్తాడట.
"ఎముక పోగొట్టుకోవడం ఆదాము వంతు కదా" అన్నాను.
ఇరియా నవ్వలేదు. రాసుకుంది.

శీతాకాలం గడిచేసరికి
కప్పు పగలకుండా కాఫీ తాగుతున్నాను.
మళ్ళీ సెప్టెంబరు వచ్చింది.
ఒక ఆదివారం ఇరియా టేపు పట్టుకుని
పందిట్లోకే వచ్చేసింది.
"ఇది కట్టిందెవరు?"
"ఎలాడియో తాత."
"ఎంత పొడుగు మనిషి?"
ఆరడుగులు. గుర్రం మీద ఇంకా ఎక్కువ.
"మరి కోసేదెవరు?"
పదకొండుమంది ఆడవాళ్ళం.
మాలో పొడుగుది సబేలా,
అది నిక్కి నిలబడితే అయిదడుగుల మూడంగుళాలు.

ఎవరం ఏమీ అనలేదు.
సబేలా పోయి రేవులోంచి
సార్డీన్ చేపల పెట్టెలు పట్టుకొచ్చి బోర్లించింది.
ఎక్కి నిలబడ్డాను.
ఇన్నేళ్ళలో మొదటిసారి
గుత్తి నా కళ్ళకి ఎదురుగా ఉంది.
మోచేతులు నడుముకి దగ్గరగా, భుజాలు వాటి చోట అవి.

"పెట్టెలు జరుపుతూ కూచుంటే పని సాగుతుందా?"
అని ఎలాడియో గొణిగాడు.
మేం కోస్తూనే ఉన్నాం.

చిటికెనవేలు ఇప్పటికీ సగమే మాట్లాడుతుంది.
వాన ముసిరిన రోజు మళ్ళీ మూగ.
నిన్న మాత్రం, పండు మీది సన్నటి పొడి
తగిలిందని చెప్పింది.

సాయంత్రం పెట్టెలు లెక్కపెడితే ఒకటి తక్కువ.
చివరి వరసలో ఎలాడియో దాని మీద నిలబడి
తీగ బిగిస్తున్నట్టు నటిస్తూ
కుడి భుజం రుద్దుకుంటున్నాడు.