ఎడమకాలి బూటు

నేవీ డే అయిపోయిన మర్నాడు వెళ్ళాం
జనం పల్చబడతారని.
కుర్చీలింకా ఎత్తలేదు. షామియానా గుంజకి చిక్కుకుని
ఒక బెలూను కొట్టుకుంటోంది.
అమ్మ నా భుజం పట్టుకుని
బీచ్ రోడ్డు పలకరాళ్ళ మీద
ఆరేసిన వలలు దాటుతున్నట్టు
పాదం చూసుకుంటూ నడిచింది.

స్మారకం దగ్గర ఆగి
"అచ్చరాలున్నాయేట్రా?" అంది.
ఉన్నాయన్నాను.
"సదువు."

చదివాను. విజయం, పరాక్రమం, సముద్రం.
కరెంటు బిల్లు విన్నట్టు తలూపింది.
"మరి ఆల్ల పేర్లో?"

ఎవరివని నేనడగలేదు.
కుడివైపు డాల్ఫిన్స్ నోస్, కొండ కొసన లైట్ హౌసు.
ఎదురుగా, నీళ్ళ కింద ఎన్ని బారల లోతునో,
ఇనుప పొట్టలో తొంభైమందికి పైనే.
బళ్ళో మాకు ఆ జలాంతర్గామి పేరు చెప్పారు.
మనిషి పేరు ఒక్కటీ చెప్పలేదు.

*

నాకప్పుడు ఆరేళ్ళు.
ఊరంతా దీపాలార్పేసిన రోజుల్లో, ఓ అర్ధరాత్రి
గోడలు దడదడలాడి ఉట్టి మీద కుండ పగిలింది.
రెండ్రోజులకి నాన్న వలలో
కవళ్ళ మధ్య ఒక బూటు వచ్చింది.
నల్లది. ఎడమకాలిది.
లేసు ముడి వేసింది వేసినట్టే ఉంది.

నేవీవాళ్ళు పేటంతా తిరిగి
చెక్కముక్కలూ తడికాగితాలూ పట్టుకుపోయారు.
బూటు నేను దాచేశాను.
జాలారిపేట పిల్లలందరం దాన్ని తన్నుకుంటూ
వారం రోజులు యుద్ధం గెలిచాం.
ఓసారి అమ్మ కూడా తన్నింది,
"నిన్ను కన్నదాని కడుపు కాల" అని తిట్టి మరీ.

ఆ తర్వాత టెలిగ్రాం.

తెడ్డు కొర్లయ్య, మా మామయ్య, ఇరవై రెండేళ్ళు.
పడమటి సముద్రంలో, ఓడ అడుగున, బాయిలరు దగ్గర.
ఆ ఓడనీ ముంచింది జలాంతర్గామే,
ఆ దేశానిదే.
మనిషి రాలేదు. బొంబాయి నించి పెట్టె వచ్చింది.
రెండు చొక్కాలు, జోకరు లేని పేక,
సగం అరిగిన ఎర్ర సబ్బు.
సబ్బుకి అంటుకుని ఒక వెంట్రుక.

ఆ రాత్రి అమ్మ చూరులోంచి బూటు దించింది.
జానతో కొలిచింది.
"జానెడు మీద మూడేళ్ళు" అంది. మళ్ళీ కొలిచింది.
"కొర్లడి పాదమే ఇది."

ఉప్పుకి బిగిసిన ముడి. పళ్ళతో లాగింది.
లోపల సబ్బు పెట్టి మళ్ళీ ముడేసి
నడుము లోతు దాకా వెళ్ళి వదిలేసింది.
ఒడ్డునున్న నాన్న
"సబ్బు మంచిదే గదే" అన్నాడు పాపం.
మూడ్రోజులు అతనికి కూడు పెట్టింది గానీ
మాట పెట్టలేదు.

కెరటం దాన్ని రెండుసార్లు వెనక్కి తెచ్చింది.
మూడోసారి తేలేదు.

*

"కరాచీ కాడా వలలోల్లుంటారు గదా?" అంది అమ్మ.
ఉంటారన్నాను.
"ఆల్ల సముద్రం, మనోడున్న సముద్రం ఒకటే గదా?"
"ఒకటే."
"అయితే ఆల్లలో ఏ ముసిల్దో..."
మాట అక్కడే వదిలేసి
మురీల బండి వైపు చెయ్యి చూపించింది.

పది రూపాయల పొట్లం. ఉల్లిపాయ వద్దంది, కారం వద్దంది.
తినడానికి కాదని అప్పుడర్థమైంది.
నీటి అంచుకి దిగి, ఒక పిడికెడు విసిరింది.
"కొర్లా" అంది.
ఇంకో పిడికెడు తీసింది.
పిలవడానికి పేరు లేక
కాసేపలా గాల్లో పట్టుకునే ఉంది.

వెనక నించి విజిల్.
"అమ్మా! సముద్రంలో చెత్త వెయ్యకూడదు!"
యూనిఫాంలో కుర్రాడు, మామయ్య వయసే ఉంటుంది.
అమ్మ వాడి మొహం చూసింది. వాడి కాళ్ళు చూసింది.
"ఏ ఊరు బావూ నీది?" అంది,
అంటూనే గుప్పిట విప్పేసింది.

పొట్లంలో అడుగున ఇంకా కొంచెం మిగిలింది.
మడిచి రొంటిన దోపుకుంది.
అదెవరి కోసమో
నేనడగలేదు.